లెక్క మారింది, డేటా కదిలిందా?

ఒక ఒరాకిల్ డేటాబేస్ అసలు వయసు తెలుసుకోవాలంటే వెర్షన్ నంబర్ అడిగి లాభం లేదు. అది మొన్ననే 19సీకి అప్‌గ్రేడ్ అయి ఉండొచ్చు. డీబీఏ_టేబుల్‌స్పేసెస్ వ్యూ తెరిచి మూడు కాలమ్‌లు చూడాలి: ఎక్స్‌టెంట్ మేనేజ్‌మెంట్, అలొకేషన్ టైప్, సెగ్మెంట్ స్పేస్ మేనేజ్‌మెంట్. గత పదిహేను, ఇరవై ఏళ్ళలో పుట్టిన డేటాబేస్ అయితే అప్లికేషన్ డేటా ఉన్న వరుసల్లో ఎక్కువగా లోకల్, సిస్టమ్, ఆటో అని కనిపిస్తాయి. తొంభైల్లో పుట్టి, ఉన్నచోటే అప్‌గ్రేడ్ అవుతూ వచ్చినదైతే నడుమ ఎక్కడో లోకల్, యూజర్, మాన్యువల్ అనే వరుస తగులుతుంది. ఆ వరుస ఉందంటే, ఆ టేబుల్‌స్పేస్ పాత పద్ధతిలో పుట్టిందనీ, ఎవరో ఒక డీబీఏ ఒక్క కమాండుతో దాన్ని కొత్త పద్ధతికి మార్చి టికెట్ క్లోజ్ చేశారనీ లెక్క.

పని నిజంగా అయిపోయిందా అన్నది పాతికేళ్ళుగా నలుగుతున్న ప్రశ్న. ఒరాకిల్ మాన్యువల్ దాన్ని మైగ్రేషన్ అనే పిలుస్తుంది. పనితీరు చూసే నిపుణులు సగం పనే అంటారు. అప్లికేషన్ యజమానులకు ఈ గొడవే పట్టదు, శనివారం రాత్రి డౌన్‌టైమ్ ఎన్ని గంటలో చెప్పమంటారు. అమెరికా శనివారం రాత్రి హైదరాబాద్‌లో ఆదివారం పొద్దున కాబట్టి, ఆ గంటల బేరం ఎంత ముఖ్యమో ఇక్కడి సపోర్ట్ టీముల్లో పనిచేసినవారికి వేరే చెప్పనక్కర్లేదు. అమీర్‌పేటలో డీబీఏ కోర్సు చదివినవారికి డిక్షనరీ మేనేజ్డ్‌కూ లోకల్లీ మేనేజ్డ్‌కూ తేడా ఏమిటన్న ఇంటర్వ్యూ ప్రశ్నకు జవాబు కంఠతా వచ్చు. ఆ తర్వాతి ప్రశ్న, అంటే ఒకదాన్నుంచి రెండోదానికి మార్చాక లోపల ఏం మిగులుతుంది అన్నది అడిగేవారు తక్కువ. ఈ వ్యాసం దాని గురించే.

ముందు రెండు లెక్కలను విడదీసుకోవాలి. ఒరాకిల్‌లో చదివేందుకైనా రాసేందుకైనా చిన్న కొలత బ్లాక్, సాధారణంగా 8 కిలోబైట్లు. పక్కపక్కనున్న బ్లాకుల గుంపు ఎక్స్‌టెంట్. ఒక టేబుల్‌కో ఇండెక్స్‌కో చెందిన ఎక్స్‌టెంట్లన్నీ కలిస్తే సెగ్మెంట్. సెగ్మెంట్లు ఉండే చోటు టేబుల్‌స్పేస్, దాని కింద డిస్కు మీద డేటాఫైళ్ళు. ఫైల్లో ఏ భాగం ఖాళీ, ఏ భాగం ఎవరిది అన్నది మొదటి లెక్క. ఒక సెగ్మెంట్‌కు ఇచ్చేసిన బ్లాకుల్లో కొత్త వరుస పట్టేంత చోటు ఎక్కడుంది అన్నది రెండో లెక్క. మొదటిదాని పద్ధతి 1999లో 8ఐతో మారింది. రెండోది 2001లో 9ఐతో మారింది. రెంటినీ ఒకే మూటగా చూడటంతోనే సగం అపోహలు మొదలవుతాయి.

పాత పద్ధతిలో మొదటి లెక్కంతా డేటా డిక్షనరీలో, రెండు అంతర్గత టేబుళ్ళలో ఉండేది. ఖాళీ ఎక్స్‌టెంట్లకు ఎఫ్‌ఈటీ$, వాడకంలో ఉన్నవాటికి యూఈటీ$. ఒక టేబుల్ పెరిగి కొత్త ఎక్స్‌టెంట్ అడిగితే ఒరాకిల్ తనలో తాను ఎస్‌క్యూఎల్ నడుపుకునేది. ఒక చోట వరుస తీసి, ఇంకో చోట వేసి, ఆ మార్పుకు అన్‌డూ, రీడూ రాసుకునేది. ఈ పని మొత్తానికి ఎస్‌టీ అనే తాళం ఒకటి ఉండేది, డేటాబేస్ అంతటికీ ఒక్కటే. జిల్లాలో ఎన్ని ఊళ్ళున్నా పొలం లెక్కలన్నీ ఒకే కరణం దగ్గర ఉన్నట్టు. ఏ టేబుల్‌స్పేస్‌లో ఎవరు ఎక్స్‌టెంట్ అడిగినా, ఎవరు టేబుల్ డ్రాప్ చేసినా ఆ ఒక్క తాళం ముందే వరుసలో నిలబడాలి. ఎదురుచూపు మితిమీరితే ఓఆర్‌ఏ-01575 వచ్చేది. అనేక మెషీన్లు ఒకే డేటాబేస్‌ను పంచుకునే ఒరాకిల్ పారలల్ సర్వర్‌లోనైతే అన్ని మెషీన్లకూ కలిపి ఆ ఒక్కటే. సార్టింగ్ కోసం తాత్కాలిక సెగ్మెంట్లు క్షణక్షణం పుట్టి పోతుంటే మిగతా పనులన్నీ దాని వెనక ఆగేవి. ఆ బాధ భరించలేకే 7.3లో టెంపరరీ రకం టేబుల్‌స్పేస్ తెచ్చారు. సార్ట్ సెగ్మెంట్‌ను ప్రతిసారీ పారేయకుండా తిరిగి వాడుకోవడం అప్పటినుంచే మొదలైంది.

తాళం గొడవకు తోడు సైజుల గొడవ. ప్రతి టేబుల్‌కూ ఇనీషియల్, నెక్స్ట్, పీసీటీఇంక్రీజ్ అని మూడు అంకెలు ఇవ్వాలి. మొదటి ఎక్స్‌టెంట్ ఎంత, తర్వాతిది ఎంత, ఆపైన ఒక్కోటీ ముందుదానికంటే ఎంత శాతం పెద్దది. ఏమీ చెప్పకపోతే ఆ శాతం 50. ఈ 50 ఎంత పని చేస్తుందో చూడండి. నెక్స్ట్ 1 మెగాబైట్‌తో మొదలైతే పదోసారి 38 మెగాబైట్లు అడుగుతుంది. ఇరవయ్యోసారి 2 గిగాబైట్లు దాటుతుంది. తొంభైల నాటి డిస్కుల సైజు గుర్తున్నవారికి ఇది నవ్వు పుట్టించే సంగతి, అప్పట్లో అర్ధరాత్రి ఫోన్ మోగించే సంగతి. టేబుల్‌స్పేస్‌లో మొత్తం ఖాళీ 5 గిగాబైట్లు ఉన్నా, అది వందల ముక్కలుగా చెదిరి ఉంటే ఒకే చోట 2 గిగాబైట్లు దొరకదు. అప్పుడు ఓఆర్‌ఏ-01653. పోనీ సున్నా పెడదామంటే ఎస్‌మాన్ ప్రాసెస్ పక్కపక్క ఖాళీ ముక్కలను కలపడం మానేస్తుంది, డిఫాల్ట్ పీసీటీఇంక్రీజ్ సున్నా కాని టేబుల్‌స్పేసుల్లోనే అది ఆ పని చేసేది. అందుకే మధ్యే మార్గంగా టేబుల్‌స్పేస్ డిఫాల్ట్‌కు 1 పెట్టుకునే అలవాటు పుట్టింది. ఆ రోజుల్లో రాసిన స్క్రిప్టుల్లో పీసీటీఇంక్రీజ్ 1 కనిపిస్తే కారణం అదే.

ఎక్స్‌టెంట్ల సంఖ్యకు కూడా కట్టడి ఉండేది. 2 కిలోబైట్ల బ్లాక్ అయితే 121, 4 అయితే 249, 8 అయితే 505. 7.3లో అన్‌లిమిటెడ్ అనే వెసులుబాటు వచ్చాక కూడా ఆ భయం పోలేదు. టేబుల్ మొత్తం ఒకే ఎక్స్‌టెంట్‌లో ఉండాలి అన్న సిద్ధాంతం వేదవాక్కులా చలామణీ అయింది. వారాంతాల్లో ఎక్స్‌పోర్ట్ చేసి, టేబుల్ డ్రాప్ చేసి, మళ్ళీ ఇంపోర్ట్ చేయడం ఒక వ్రతంలా సాగింది. పాత ఎక్స్‌పోర్ట్ టూల్‌లో కంప్రెస్ అనే పారామీటర్ డిఫాల్ట్‌గా వై అని ఉండేది. అది డేటాను కుదించదు. టేబుల్ మొత్తం సైజును లెక్కేసి, అంత పెద్ద ఇనీషియల్‌గా రాసిపెడుతుంది. ఈ వివరం మళ్ళీ అవసరపడుతుంది.

ఆ వ్రతాన్ని భంగం చేసింది ఒరాకిల్ లోపలివారే. భాస్కర్ హిమత్‌సింగ్కా, హువాన్ లోయాజా కలిసి రాసిన ఒక పత్రం డీఫ్రాగ్మెంటేషన్ మాని హాయిగా బతకమని పేరులోనే చెప్పింది. వాళ్ళ సూత్రం చాలా సాదా. ఒక టేబుల్‌స్పేస్‌లో అన్ని ఎక్స్‌టెంట్లూ ఒకే సైజులో ఉండాలి. మూడు సైజులు చాలు: 128 కిలోబైట్లు, 4 మెగాబైట్లు, 128 మెగాబైట్లు. 128 మెగాబైట్ల లోపు టేబుళ్ళు మొదటిదాంట్లో, 4 గిగాబైట్ల వరకు రెండోదాంట్లో, ఆపైవి మూడోదాంట్లో. ఒక ఎక్స్‌టెంట్ ఖాళీ అయితే అది ఎవరికైనా అచ్చంగా సరిపోతుంది కాబట్టి వాడలేని ముక్క అంటూ మిగలదు. ఎక్స్‌టెంట్లు వెయ్యి దాకా ఉన్నా పనితీరు చెడదని కూడా వాళ్ళు గట్టిగా వాదించారు. నా దృష్టిలో ఈ రంగంలో అసలు మలుపు ఇదే, తర్వాత వచ్చిన సాఫ్ట్‌వేర్ మార్పు దీన్ని అమలుకు తెచ్చిందంతే. క్రమశిక్షణ ఉన్న డీబీఏ డిక్షనరీ పద్ధతిలోనే ముక్కల సమస్యను అరికట్టగలిగాడు. అతనికి మిగిలింది తాళం ఒక్కటే.

ఆ తాళాన్ని 8ఐ తీసేసింది. లోకల్లీ మేనేజ్డ్ టేబుల్‌స్పేస్‌లో ప్రతి డేటాఫైల్ తన లెక్క తనే, తన మొదటి బ్లాకుల్లోని బిట్‌మ్యాప్‌లో పెట్టుకుంటుంది. ఒక బిట్ ఒక నిర్ణీత కొలతకు గుర్తు. 1 అయితే వాడకంలో ఉంది, 0 అయితే ఖాళీ. ఎక్స్‌టెంట్ ఇవ్వడమంటే కొన్ని బిట్లు తిప్పడం. డిక్షనరీలో వరుసలు రాయనక్కర్లేదు, పక్కపక్క ఖాళీలను కలపనక్కర్లేదు, ఎందుకంటే పక్కపక్క సున్నాలు కలిసే ఉంటాయి. ఎక్స్‌టెంట్ సైజుకు రెండు దారులు ఇచ్చారు. యూనిఫాం అంటే అన్నీ ఒకటే సైజు, చెప్పకపోతే 1 మెగాబైట్. ఆటోఅలొకేట్ అంటే ఒరాకిలే నిర్ణయిస్తుంది: సాధారణంగా సెగ్మెంట్ 1 మెగాబైట్ అయ్యేవరకు 64 కిలోబైట్ల చొప్పున 16 ముక్కలు, 64 మెగాబైట్ల వరకు 1 మెగాబైట్ చొప్పున, 1 గిగాబైట్ వరకు 8 చొప్పున, ఆపైన 64 చొప్పున. ప్రతి సైజూ తన కింది సైజుకు గుణిజం కాబట్టి ఖాళీ అయిన చోటు వృథా పోయే అవకాశం తక్కువ. అప్పట్లో చాలామంది తడబడిన చిన్న సంగతి ఒకటుంది. యూనిఫాం 1 మెగాబైట్‌తో సరిగ్గా 100 మెగాబైట్ల ఫైల్ సృష్టిస్తే 99 ఎక్స్‌టెంట్లే దక్కేవి. బిట్‌మ్యాప్ కోసం హెడర్‌లో 64 కిలోబైట్లు పోయేది, చివర్లో మిగిలిన అరకొర ముక్క ఎవరికీ పనికిరాదు. ఫైల్‌ను 100 మెగాబైట్లకు మరో 64 కిలోబైట్లు కలిపి సృష్టించడం అందుకే ఆనవాయితీ అయింది.

కొత్తగా సృష్టించేవాటికి ఇదంతా బాగుంది. ఉన్నవాటి సంగతి?

8.1.6లో డీబీఎంఎస్_స్పేస్_అడ్మిన్ ప్యాకేజీకి టేబుల్‌స్పేస్_మైగ్రేట్_టు_లోకల్ అనే ప్రొసీజర్ చేరింది. టేబుల్‌స్పేస్ పేరిచ్చి నడిపితే చాలు. టేబుల్‌స్పేస్ ఆన్‌లైన్‌లో, రీడ్ రైట్‌లో ఉంటుంది, వాడుకదారులకు తెలియను కూడా తెలియదు. డేటా ఎంతున్నా ఒక్క వరుస కూడా కదలదు. డిక్షనరీలో ఉన్న లెక్కను చదివి, దానికి సరిపడే బిట్‌మ్యాప్‌ను ఫైళ్ళలో రాస్తుంది, అంతే. ఇందులో మోసమేమీ లేదు, తాళం నిజంగానే పోతుంది. ఆ మేరకు ఇది గొప్ప సౌకర్యమే.

కాని ఏం పోలేదో చూడాలి. మార్చిన టేబుల్‌స్పేస్ యూనిఫాం కాదు, ఆటోఅలొకేట్ కాదు. అలొకేషన్ టైప్ యూజర్ అవుతుంది. అంటే పాత ఇనీషియల్, నెక్స్ట్, పీసీటీఇంక్రీజ్ అంకెలు అలాగే చెల్లుతాయి. 1997లో ఎవరో రాసిన 50 శాతం ఇవాళ్టికీ ఒక్కో ఎక్స్‌టెంట్‌ను ముందుదానికంటే ఒకటిన్నర రెట్లు అడుగుతూనే ఉంటుంది. చెదిరిన ముక్కలు చెదిరే ఉంటాయి. బిట్‌మ్యాప్‌లో ఒక బిట్ ఎంత చోటుకు గుర్తు అన్నది మనం చెప్పకపోతే, ఉన్న ఎక్స్‌టెంట్లన్నిటి సైజులకూ గరిష్ఠ సామాన్య భాజకం తీసి ఒరాకిల్ నిర్ణయిస్తుంది. మినిమం ఎక్స్‌టెంట్ అని ముందే పెట్టి ఉంటే దానికి కూడా తూగేలా తగ్గిస్తుంది. డిక్షనరీ పద్ధతిలో 5 బ్లాకులు దాటిన ఎక్స్‌టెంట్లను 5 గుణిజాలకు సర్దేవారు. అంతకు లోపువి ఎలా అడిగితే అలా. ఒక టేబుల్‌కు 2 బ్లాకులు, ఇంకోదానికి 3, మిగతావాటికి 5, 10, 35 ఉన్నాయనుకోండి. వీటన్నిటికీ ఉమ్మడి కొలత ఒక్క బ్లాకే. ఒక్కో బ్లాకుకు ఒక బిట్ చొప్పున బిట్‌మ్యాప్ పెరుగుతుంది, ఖాళీ కోసం వెతకడం కూడా ఆ చిన్న కొలతలోనే జరుగుతుంది. పైగా కొత్తగా సృష్టించిన ఫైల్లో బిట్‌మ్యాప్‌కు హెడర్ పక్కనే చోటు కేటాయించి ఉంటుంది. మార్చిన ఫైల్లో అక్కడ అప్పటికే డేటా ఉంటుంది. కాబట్టి ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ పెట్టాలి, అంత ఖాళీ దొరక్కపోతే ప్రొసీజరే విఫలమవుతుంది.

రెండో లెక్క సంగతి ఇంకా తేలిక: దానికి ఈ ప్రొసీజర్ చెయ్యే పెట్టదు. సెగ్మెంట్ స్పేస్ మేనేజ్‌మెంట్ మాన్యువల్‌గానే ఉండిపోతుంది. ఉన్నచోటే దాన్ని ఆటోగా మార్చే మార్గం ఒరాకిల్ ఇవ్వనే లేదు. కాబట్టి ఉన్నచోట మార్పిడి అంటే రెండు లెక్కల్లో ఒకదాని పుస్తకం మార్చడం. 10జీలో వచ్చిన ష్రింక్ స్పేస్, 11జీ సెక్యూర్‌ఫైల్ లాబ్‌లు, ఇవన్నీ ఆటో సెగ్మెంట్లకే పరిమితం. బిగ్‌ఫైల్ టేబుల్‌స్పేసులు కూడా అన్‌డూ, టెంప్, సిస్టమ్ మినహా అంతే. లోకల్, యూజర్, మాన్యువల్ వరుసకు ఆ వాకిళ్ళన్నీ మూసే ఉంటాయి.

టెంపరరీ టేబుల్‌స్పేసులకు ఈ ప్రొసీజర్ వర్తించదు, అవసరమూ లేదు. టెంప్‌ఫైల్‌తో కొత్తది సృష్టించి పాతది తీసేస్తే సరి. ఒక్క మైగ్రేషన్ పనికే వీలుందంటే నేనైతే ముందు దీన్నే ఎంచుకుంటాను. ఎస్‌టీ తాళం మీద భారం ఎక్కువగా వేసింది సార్టింగే కాబట్టి, అతి తక్కువ ప్రమాదంతో అతి ఎక్కువ లాభం ఇక్కడే. రోల్‌బ్యాక్ సెగ్మెంట్లది కూడా అదే తీరు. 9ఐలో ఆటోమేటిక్ అన్‌డూ వచ్చాక పాతవాటిని మార్చడం మాని కొత్త అన్‌డూ టేబుల్‌స్పేస్‌కు మళ్ళడమే మేలు.

సిస్టమ్ టేబుల్‌స్పేస్ మాత్రం వేరే కథ. 9ఐ రెండో విడుదలతో దాన్ని కూడా మార్చడానికి వీలైంది, షరతులు చాంతాడంత. కోల్డ్ బ్యాకప్ ఉండాలి. డేటాబేస్ రెస్ట్రిక్టెడ్‌లో ఉండాలి. డిఫాల్ట్ టెంపరరీ టేబుల్‌స్పేస్ వేరుగా ఉండాలి. డిక్షనరీ టేబుల్‌స్పేసుల్లో రోల్‌బ్యాక్ సెగ్మెంట్లు ఉండకూడదు. అన్‌డూ ఉన్నది తప్ప మిగతావన్నీ రీడ్ ఓన్లీలో ఉండాలి. 10జీ నుంచైతే సిసాక్స్ ఆఫ్‌లైన్. ఒకసారి మారాక వెనక్కి రాలేం. ఆపైన ఆ డేటాబేస్‌లో డిక్షనరీ పద్ధతి టేబుల్‌స్పేస్ ఒక్కటి కూడా సృష్టించలేం. ఉన్నవాటిని చదవడం వరకే, మళ్ళీ రీడ్ రైట్ చేయలేం. కాబట్టి మిగతావన్నీ ముందు మార్చి, సిస్టమ్‌ను చివరన ముట్టుకోవాలి. ఇంత చేస్తే లాభం ఏమిటి? మిగతా టేబుల్‌స్పేసులన్నీ అప్పటికే లోకల్ అయితే ఎఫ్‌ఈటీ$, యూఈటీ$లకు మిగిలే పని అతి స్వల్పం. సిస్టమ్ ఒక్కదాన్నీ మార్చడం కోసమే డౌన్‌టైమ్ అడగడం నాకు వృథా అనిపిస్తుంది. ఎలాగూ కొత్త మెషీన్‌కు, కొత్త డేటాబేస్‌లోకి వెళ్ళే రోజు వస్తే అక్కడ పుట్టుకతోనే లోకల్‌గా ఉంటుంది.

ఇక డేటాను నిజంగా కదిలించే దారి. కొత్త టేబుల్‌స్పేస్ సృష్టించి ఆల్టర్ టేబుల్ మూవ్ అంటే టేబుల్ అక్కడ కొత్తగా రాసుకుంటుంది. రోఐడీలు మారతాయి కాబట్టి దాని ఇండెక్సులన్నీ అన్‌యూజబుల్ అవుతాయి, వాడబోతే ఓఆర్‌ఏ-01502. ఒక్కోదాన్నీ రీబిల్డ్ చేయాలి. లాబ్ కాలమ్‌లు టేబుల్‌తో పాటు వాటంతట అవి రావు, విడిగా చెప్పాలి. లాంగ్ కాలమ్ ఉంటే మూవ్ అసలే కుదరదు, ఓఆర్‌ఏ-00997 అని ముఖం మీదే తలుపేస్తుంది. పాత ఈఆర్‌పీ స్కీమాల్లో ఈ లాంగ్ కాలమ్‌లు తగలని చోటు లేదు. మూవ్ నడిచినంత సేపూ పాతదీ కొత్తదీ రెండూ డిస్కు మీద ఉంటాయి. త్వరగా అవ్వాలని నోలాగింగ్ పెడితే స్టాండ్‌బై డేటాబేస్ సంగతి, ఆ వెంటనే తీయాల్సిన బ్యాకప్ సంగతి ముందే అనుకోవాలి.

ఎక్స్‌పోర్ట్, ఇంపోర్ట్ దారిలో వెళ్తే ఇందాక చెప్పిన కంప్రెస్ వై కాలికి అడ్డం పడుతుంది. 3 గిగాబైట్ల టేబుల్ 3 గిగాబైట్ల ఇనీషియల్‌తో బయటికి వస్తుంది. లోకల్ టేబుల్‌స్పేస్ ఆ అంకెను చెత్తబుట్టలో వేయదు, మొదట్లోనే అంత చోటు కేటాయిస్తుంది. సగానికి పైగా వరుసలు డిలీట్ అయిన టేబుల్‌ను కుదిద్దామని మొదలుపెట్టినవాడికి ఆఖర్న అదే సైజు చేతిలో మిగులుతుంది. 10జీలో వచ్చిన డేటా పంప్‌తో ఈ చిక్కు తీరింది. ట్రాన్స్‌ఫార్మ్ పారామీటర్‌తో పాత స్టోరేజ్ క్లాజులను వదిలేయమనొచ్చు, రీమ్యాప్ టేబుల్‌స్పేస్‌తో చిరునామా మార్చొచ్చు. డౌన్‌టైమ్ దొరకనివారికి 9ఐలోనే ఆన్‌లైన్ రీడెఫినిషన్ వచ్చింది. 12సీ రెండో విడుదలలో మామూలు టేబుళ్ళకు మూవ్ ఆన్‌లైన్ వచ్చి, ఇండెక్సులను కూడా తనే చూసుకుంటోంది. అంటే 1999లో మొదలైన పని సులువుగా, పగటిపూట చేసుకోగలిగే స్థితి రావడానికి దాదాపు 18 ఏళ్ళు పట్టింది.

కదిలించడం ఎంత పెద్ద ఎత్తున జరిగిందో చూడాలంటే ఒరాకిల్ ఈ-బిజినెస్ సూట్ మంచి ఉదాహరణ. మొదట్లో ప్రతి ప్రొడక్ట్‌కూ డేటాకు ఒకటి, ఇండెక్సులకు ఒకటి చొప్పున టేబుల్‌స్పేసులు. జనరల్ లెడ్జర్‌కు రెండు, పేయబుల్స్‌కు రెండు, ఇలా కుప్పలుతెప్పలు. 11.5.10తో, అంటే 2004లో, అన్నిటినీ కలిపి 12 టేబుల్‌స్పేసుల నమూనా స్థిరపడింది. విభజన ప్రొడక్ట్ వారీగా పోయి పని వారీగా వచ్చింది. లావాదేవీల టేబుళ్ళు ఒకచోట, వాటి ఇండెక్సులు ఒకచోట, మారని సీడ్ డేటా ఒకచోట, ఇంటర్‌ఫేస్ టేబుళ్ళు ఒకచోట. పాత కస్టమర్ల కోసం ఇచ్చిన యుటిలిటీ ఏం చేసిందో గమనించాలి. ఉన్నచోట బిట్‌మ్యాప్ రాసి ఊరుకోలేదు. వస్తువులన్నిటినీ కొత్త ఇళ్ళకు మోసింది. తన సొంత అప్లికేషన్‌కు వచ్చేసరికి ఒరాకిల్ ఒక్క కమాండు దారిని ఎంచుకోలేదు. ఉన్నచోట మార్పు చాలదని వాదించేవారికి ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు కనబడలేదు.

ఇప్పుడు రెండో లెక్క, దాని మీద ఉన్న తగాదా. మాన్యువల్ పద్ధతిలో ఖాళీ ఉన్న బ్లాకులు ఫ్రీలిస్ట్ అనే గొలుసులో ఉంటాయి. ఇన్సర్ట్ చేసేవాళ్ళంతా ఆ గొలుసు తలలో ఉన్న బ్లాకు మీదే పడతారు, బఫర్ బిజీ వెయిట్లు పెరుగుతాయి. ఫ్రీలిస్టులు, ఫ్రీలిస్ట్ గ్రూపులు ఎన్ని ఉండాలో డీబీఏ ఊహించి పెట్టుకోవాలి. ఆటో పద్ధతిలో సెగ్మెంట్ లోపలే మూడంచెల బిట్‌మ్యాప్ బ్లాకులు ఉంటాయి. ఒక్కో డేటా బ్లాకు నిండిందా, పావు లోపు ఖాళీనా, సగం లోపా, ముప్పావు లోపా, ఆపైనా, ఇంకా ఫార్మాట్ కాలేదా అన్న గుర్తు అక్కడ ఉంటుంది. వేర్వేరు సెషన్లను వేర్వేరు బ్లాకులకు పంపుతుంది. అనేక నోడ్‌లున్న ర్యాక్‌లో ఇది వరమే. పీసీటీయూజ్డ్, ఫ్రీలిస్ట్స్ అని పాత స్క్రిప్టులో ఉన్నా కిక్కురుమనకుండా పక్కన పెట్టేస్తుంది.

ఆ పంచిపెట్టడంలోనే ఖర్చు దాగుంది. ఆర్డర్ల టేబుల్ తీసుకోండి. పది సెషన్లు ఒకే నిమిషంలో పది ఆర్డర్లు వేశాయి. ఒకే ఫ్రీలిస్ట్ అయితే ఆ పదీ దాదాపు ఒకే బ్లాకులో పడేవి. ఇప్పుడు పది బ్లాకుల్లో పడతాయి. ఆర్డర్ తేదీ మీది ఇండెక్స్ వరుసగా నడుస్తుంటే ప్రతి అడుగుకూ బ్లాకు మారుతుంది. క్లస్టరింగ్ ఫ్యాక్టర్ అనే అంకె బ్లాకుల సంఖ్య వైపు నుంచి వరుసల సంఖ్య వైపు ఎగబాకుతుంది. ఆప్టిమైజర్ ఆ అంకెను నమ్మి, ఇండెక్స్ ఖరీదైనదని తేల్చి, టేబుల్ మొత్తం చదవడానికి సిద్ధపడుతుంది. నిజానికి ఆ పది బ్లాకులూ మెమరీలోనే ఉండి ఉంటాయి. జొనాథన్ లూయిస్ 2005 నాటి ఆప్టిమైజర్ పుస్తకంలో క్లస్టరింగ్ ఫ్యాక్టర్‌కు ఒక అధ్యాయమే కేటాయించి ఈ చిక్కును విప్పి చూపాడు. ఒరాకిల్ చివరికి 12సీ కాలంలో టేబుల్_క్యాష్డ్_బ్లాక్స్ అనే స్టాటిస్టిక్స్ ప్రిఫరెన్స్ ఇచ్చింది. ఇటీవల చూసిన కొన్ని బ్లాకులకు తిరిగి వస్తే దాన్ని కొత్త బ్లాకుగా లెక్కించొద్దని చెప్పొచ్చు. అంటే ఆటోకు మారిన తర్వాత కొన్ని రిపోర్టులు నెమ్మదించాయని వచ్చే ఫిర్యాదులో చాలాసార్లు నిజం ఉంటుంది, కాని తప్పు డేటా ఉన్న తీరుకంటే దాన్ని కొలిచే తీరులో ఎక్కువ. స్టాటిస్టిక్స్ సరిచూసుకోకుండా మైగ్రేషన్‌ను తిట్టడం న్యాయం కాదు.

ఇదంతా ఒరాకిల్ ఒక్కదాని బాధ అనుకోకూడదు. మైఎస్‌క్యూఎల్‌లో 5.6 నుంచి ప్రతి టేబుల్‌కూ విడి ఫైల్ అన్నది డిఫాల్ట్ అయింది. కాని అంతకుముందే ఉబ్బిపోయిన ఐబీడేటా1 ఫైల్, టేబుళ్ళన్నీ బయటికి కదిలినా, పెరిగిన సైజులోనే ఉండిపోయేది. డంప్ చేసి, అన్నీ తుడిచి, మళ్ళీ లోడ్ చేయాల్సి వచ్చేది. ఐబీఎం డీబీ2 9.7 సంగతి మరీ దగ్గరి పోలిక. ఆ వెర్షన్‌లో సృష్టించిన టేబుల్‌స్పేసులకే వదిలేసిన చోటును తిరిగి రాబట్టే గుణం ఉంది. పాతవాటిని అప్‌గ్రేడ్ చేసినా ఆ గుణం రాదు, టేబుళ్ళను కొత్త టేబుల్‌స్పేస్‌కు మోయాల్సిందే. అందుకు అడ్మిన్_మూవ్_టేబుల్ అనే ప్రొసీజర్‌ను అదే విడుదలలో ఇవ్వడం ఐబీఎం నిజాయితీ.

పోస్ట్‌గ్రెస్ అదృష్టవంతురాలు. 8.4 దాకా ఖాళీ చోటు లెక్క షేర్డ్ మెమరీలో ఉండేది, మాక్స్_ఎఫ్‌ఎస్‌ఎం_పేజెస్ తక్కువగా పెట్టినవాళ్ళ టేబుళ్ళు ఊబిలా ఉబ్బేవి. 2009లో 8.4 ఆ లెక్కను టేబుల్ పక్కనే ఒక ఫైల్లోకి, పేజీకి ఒక బైట్ చొప్పున మార్చింది. అది కేవలం సూచన లాంటి లెక్క, తప్పినా డేటా చెడదు, వ్యాక్యూమ్ నడిస్తే తిరిగి తయారవుతుంది. కాబట్టి అక్కడ లెక్క మార్చడం నిజంగానే చాలింది. ఎస్‌క్యూఎల్ సర్వర్ 1998 నాటి 7.0లో పేజీ సైజునే 2 నుంచి 8 కిలోబైట్లకు మార్చింది కాబట్టి మోయక తప్పలేదు. అక్కడా టెంప్‌డీబీలో కేటాయింపు పేజీల ముందు తొక్కిసలాట ఏళ్ళ తరబడి సాగింది, 2016లో మిక్స్‌డ్ ఎక్స్‌టెంట్లను డిఫాల్ట్‌గా వదులుకున్నాక కాస్త తగ్గింది.

అయితే అన్నీ మోయాలా? నా అభిప్రాయంలో అక్కర్లేదు. పెరగని, మారని చరిత్ర డేటా లోకల్, యూజర్, మాన్యువల్‌గా ఉన్నా నష్టం లేదు. ఉన్నచోట మార్పుతో సరిపెట్టి, ఆపైన దాన్ని రీడ్ ఓన్లీ చేయొచ్చు. రోజూ ఇన్సర్టులు పడే పదో ఇరవయ్యో పెద్ద టేబుళ్ళు, వాటి ఇండెక్సులు మాత్రం కదలాలి. గజిబిజిగా కనిపిస్తుందని, డాష్‌బోర్డు మీద ఒకే రంగు రావాలని, వేల సెగ్మెంట్లను ఒకే వారాంతంలో మోయడానికి పూనుకోవడం అనవసరపు ప్రమాదం. మోయనివాటికి కనీసం పీసీటీఇంక్రీజ్‌ను సున్నా చేసి, నెక్స్ట్‌ను ఒక రౌండ్ అంకెకు తేవాలి. ఆల్టర్ టేబుల్ స్టోరేజ్ ఒక్క క్షణం పని. యూజర్ రకంలో ఆ అంకెలు ఇంకా చెల్లుతాయి కాబట్టి అది ఫలిస్తుంది కూడా.

మోసినవాటి వెనక మిగిలే తోకల్లో అందరూ మరిచేది పార్టిషన్ల డిఫాల్ట్. ఉన్న పార్టిషన్లన్నీ కొత్త ఇంటికి చేరతాయి. టేబుల్ డిఫాల్ట్ ఆట్రిబ్యూట్ మాత్రం పాత టేబుల్‌స్పేస్‌నే చూపుతూ ఉంటుంది. నెల తిరగ్గానే కొత్త పార్టిషన్ వెళ్ళి పాతచోటే పుడుతుంది. మాడిఫై డిఫాల్ట్ ఆట్రిబ్యూట్స్‌తో టేబుల్‌కూ, దాని లోకల్ ఇండెక్సులకూ విడివిడిగా మార్చాలి. యూజర్ల డిఫాల్ట్ టేబుల్‌స్పేస్, కోటాలు కూడా అంతే. 11జీ రెండో విడుదల నుంచి ఖాళీ టేబుళ్ళకు సెగ్మెంటే పుట్టకపోవచ్చు కాబట్టి డీబీఏ_సెగ్మెంట్స్ ఒక్కటీ చూసి పాతది ఖాళీ అయిందనుకోకూడదు, డీబీఏ_టేబుల్స్, డీబీఏ_ఇండెక్సెస్ కూడా వెతకాలి. చివరికి పాత టేబుల్‌స్పేస్‌ను తీసేసేటప్పుడు ఇంక్లూడింగ్ కంటెంట్స్ అని రాయకుండా ఒట్టి డ్రాప్ ఇవ్వాలి. లోపల ఏ సెగ్మెంటైనా మిగిలి ఉంటే ఓఆర్‌ఏ-01549 వచ్చి ఆపుతుంది. అప్పుడు మళ్ళీ వెతికి, దాన్ని కూడా మోసి, ఇంకోసారి ఒట్టి డ్రాపే ఇవ్వాలి.